ఎల్ బోర్డు, యాభై సీసీలు, ఒక జత పెడళ్ళు

మన ఎల్లెల్లార్ సంగతి అందరికీ తెలిసిందే. స్లాటు బుక్ చేసుకుంటాం, కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు రోడ్డు గుర్తులు గుర్తుపడతాం, కాగితం చేతికొస్తుంది. కనీసం ముప్ఫై రోజులు ఆగి వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పమంటారు. కాలు కింద పెట్టకుండా తిప్పితే లైసెన్సు వచ్చేసినట్టే. ఈ రెంటికీ మధ్య ఉన్న ముప్ఫై రోజుల్లో ఆ కుర్రాడికి బండి ఎవరు నేర్పారు, ఎలాంటి బండి మీద నేర్పారు అన్నది ఎవరూ అడగరు.

ఈ ప్రశ్నని పట్టుకుని తొంభై ఏళ్ళుగా కుస్తీ పడుతున్న దేశం ఒకటుంది. బ్రిటన్. కొత్తగా మోటార్ సైకిల్ నేర్చుకునేవాళ్ళ మీద అక్కడ పెట్టినన్ని రూల్సు, మార్చినన్ని రూల్సు చాలా తక్కువ చోట్ల కనబడతాయి. ఆ చరిత్ర చదువుతుంటే నాకు మన వృత్తే గుర్తొచ్చింది. ఒకడు స్పెక్ రాస్తాడు. ఇంకొకడు దాన్ని అక్షరం పొల్లు పోకుండా పాటిస్తూనే, రాసినవాడి ఉద్దేశాన్ని గాలికొదిలేస్తాడు. మొదటివాడు తల పట్టుకుని ప్యాచ్ వేస్తాడు. రెండోవాడు ఆ ప్యాచ్‌ని కూడా శ్రద్ధగా చదువుతాడు. తేడా ఏమిటంటే, మన దగ్గర బగ్గు మిగిలితే క్లయింటు మెయిలు పెడతాడు, అక్కడ పదహారేళ్ళ పిల్లల ప్రాణాలు పోయాయి.

మొదట్నించీ చెప్తాను. బ్రిటన్‌లో 1903 మోటార్ కార్ చట్టం ప్రకారం లైసెన్సు అంటే ఐదు షిల్లింగులు కట్టి తెచ్చుకునే కాగితం, అంతే. పరీక్షా గిరీక్షా ఏమీ లేదు. కారుకి పదిహేడేళ్ళుండాలి, మోటార్ సైకిలుకి పద్నాలుగు చాలు. ఆ పద్నాలుగుని 1930 చట్టం పదహారు చేసింది. 1934 చట్టంతో డ్రైవింగ్ పరీక్ష వచ్చింది, 1935 జూన్ 1 నుంచి తప్పనిసరి అయింది. ఎల్ బోర్డు పుట్టింది కూడా ఆ ఏడాదే. తెల్ల పలక మీద ఎర్ర ఎల్ అక్షరం. మనం ఇవాళ పెట్టుకునేది దాని సంతానమే.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. కారు నేర్చుకునేవాడి పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలన్నారు. బాగానే ఉంది. మరి మోటార్ సైకిల్ మీద? పక్కన సీటు లేదు. వెనక కూర్చోబెడితే ఆ మనిషి చేతికి బ్రేకూ అందదు, క్లచ్చూ అందదు, పైగా కొత్తవాడికి బరువు పెరిగి బండి తూలుతుంది. అందుకని మోటార్ సైకిల్ నేర్చుకునేవాణ్ణి ఒంటరిగా వెళ్ళనిచ్చారు. కారు నేర్చుకోవడానికి గురువు తప్పనిసరి. అంతకంటే ప్రమాదమైన బండికి అక్కర్లేదు. ఎందుకంటే కూర్చోబెట్టే చోటు లేదు కాబట్టి! తర్వాత అరవై ఏళ్ళలో వచ్చిన రూల్సన్నీ ఈ ఖాళీని పూడ్చడానికి చేసిన ప్రయత్నాలే అని నా అభిప్రాయం.

గురువుని పెట్టలేనప్పుడు ఏం చేస్తారు? బండిని కట్టడి చేస్తారు. 1961 దాకా ఆ కట్టడి కూడా లేదు. పదహారేళ్ళవాడు ఎల్ బోర్డు తగిలించుకుని వెయ్యి సీసీల విన్సెంట్ మీద పోతానన్నా చట్టం అడ్డం రాదు. 1961లో ఎల్ బోర్డువాళ్ళకి 250 సీసీ దాటకూడదని హద్దు గీశారు.

ఇంజను సైజుని ఎందుకు ఎంచుకున్నారంటే, అది కొలవడం తేలిక. కాగితం మీద ఉంటుంది, పోలీసాయన రోడ్డు మీద నిలబడి కూడా చూసుకోవచ్చు. కానీ చట్టం భయపడింది వేగానికి. కొలిచింది సిలిండర్‌ని. ఈ రెండూ ఒకటి కాదని ముందు కనిపెట్టింది కంపెనీలు.

రాయల్ ఎన్‌ఫీల్డ్‌వాళ్ళు 1965 నాటికి కాంటినెంటల్ జీటీ అని ఒక 250 సీసీ బండి దించారు. రేసు బండి వేషం, కిందకి వంగిన హ్యాండిలు, ఐదు గేర్లు. గంటకి ఎనభై మైళ్ళ పైన, అంటే మన లెక్కలో దాదాపు 130 కిలోమీటర్లు పోయేది. ఎల్ బోర్డు కుర్రాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసిందే అది. తర్వాత జపాన్ వాళ్ళ టూ స్ట్రోక్ బళ్ళొచ్చాయి. యమహా ఆర్డీ 250 వాటిలో ఒకటి. మన దగ్గర 1983 నుంచి రాజ్‌దూత్ 350 పేరుతో వచ్చిన ఆర్డీ 350కి ఇది తమ్ముడు. దాని సౌండు మీద ఇప్పటికీ మనసు పారేసుకునేవాళ్ళు మన ఆఫీసుల్లోనే ఉన్నారు కాబట్టి ఎలాంటి బండో వేరే చెప్పక్కర్లేదు. 1978లో సుజుకీ ఎక్స్7 వచ్చింది. గంటకి వంద మైళ్ళు పోయే 250 అని దాని ప్రచారం. వంద మైళ్ళ బండి, ఎల్ బోర్డు, పక్కన ఎవరూ లేరు, నేర్పినవాడెవడూ లేడు. అంతా చట్టబద్ధమే!

ఇంకో సందు కూడా ఉండేది. బండికి సైడ్‌కార్ తగిలిస్తే 250 హద్దు వర్తించదు. సైడ్‌కార్ అంటే కుటుంబం, కుటుంబం అంటే బుద్ధిగా నడిపేవాడు అని కాబోలు. కానీ పెద్ద బండి కావాలనుకున్న కుర్రాడికి కుటుంబంతో పనేముంది? ఎంత పెద్ద బండికైనా పక్కన ఒక చక్రం తోడుంటే చాలు.

వీటన్నిటికంటే సరదా అయిన కథ, అంతే బాధ కలిగించే కథ కూడా, 1971లో మొదలైంది. పదహారేళ్ళ పిల్లలు చచ్చిపోతున్నారని అప్పటి రవాణా మంత్రి జాన్ పేటన్ ఒక నిర్ణయం తీసుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు నుంచి మోటార్ సైకిలుకి పదిహేడేళ్ళు నిండాలి. పదహారేళ్ళవాళ్ళకి మోపెడ్ మాత్రమే. మోపెడ్ అంటే ఏమిటో చట్టం నిర్వచించింది. ఇంజను 50 సీసీ దాటకూడదు, తొక్కి నడపడానికి వీలుగా పెడళ్ళుండాలి.

ఉద్దేశం ఏమిటో చదవగానే అర్థమవుతుంది. మన లూనా లాంటి బండిని మనసులో పెట్టుకుని రాసిన వాక్యం అది. 1972లో కైనెటిక్ వాళ్ళు లూనాని మన రోడ్ల మీదకి తెచ్చారు. పెడళ్ళు తొక్కితే స్టార్టవుతుంది, ఎత్తొస్తే మళ్ళీ తొక్కాలి, పెట్రోలైపోతే ఇంటిదాకా తొక్కాలి. దాని మీద ఎవరైనా రేసుకి వెళ్తారా?

కానీ చట్టంలో లూనా అని రాయలేదు కదా. 50 సీసీ అని, పెడళ్ళు అని రాశారు. యమహా దగ్గర ఎఫ్ఎస్1 అనే చిన్న మోటార్ సైకిల్ అప్పటికే ఉంది. 49 సీసీ, నాలుగు గేర్లు, అచ్చం పెద్ద బండిలా ట్యాంకూ సీటూ. దానికి ఒక జత పెడళ్ళు బిగించి 1973లో బ్రిటన్‌లో ఎఫ్ఎస్1-ఈ అని అమ్మారు. కుర్రాళ్ళు ముద్దుగా ఫిజ్జీ అన్నారు. పెడళ్ళు రెండిట్నీ ముందుకి తిప్పి బిగిస్తే అవే ఫుట్‌రెస్టులు. తొక్కడానికి వీలుంది, కానీ ఎవడూ తొక్కడు. గంటకి నలభై అయిదు మైళ్ళ దాకా, అంటే డెబ్భై కిలోమీటర్ల పైనే పోయేది. సుజుకీ ఏపీ 50, ఇటలీ నుంచి ఫాంటిక్, గరెల్లీ, జిలెరా, అందరూ ఇదే దారి. వాటన్నిటికీ కలిపి సిక్స్‌టీనర్ స్పెషల్స్ అని పేరే వచ్చేసింది. పిల్లల్ని మోటార్ సైకిల్ నుంచి కాపాడదామని రాసిన చట్టం, పిల్లల కోసమే ప్రత్యేకంగా ఒక మోటార్ సైకిల్ పరిశ్రమని పుట్టించింది!

ఇందులో కంపెనీలని తిట్టి లాభం లేదు. రిక్వైర్‌మెంటులో ఏముందో అది డెలివర్ చేశారు. యాక్సెప్టెన్స్ క్రైటీరియా రెండే: 50 సీసీ, పెడళ్ళు. రెండూ పాస్.

ప్యాచ్ 1977 ఆగస్టులో వచ్చింది. కొత్తగా అమ్మే మోపెడ్ గంటకి 30 మైళ్ళు, అంటే 48 కిలోమీటర్లు దాటి పోలేనట్టు తయారుచెయ్యాలన్నారు. పెడళ్ళ షరతు తీసేశారు. భయపడిన విషయాన్నే మొదటిసారి నేరుగా కొలిచారన్నమాట. పెడళ్ళు పోయాయి, మోపెడ్ అన్న పేరు మాత్రం మిగిలిపోయింది. అన్నట్టు ఆ మాట పుట్టిందే మోటార్, పెడల్ అన్న రెండు మాటలు కలిసి.

ఆ తర్వాత 1981 రవాణా చట్టం. దీని వల్ల ఎల్ బోర్డువాళ్ళ హద్దు 250 నుంచి 125 సీసీకి దిగింది, 1983 నుంచి అమలు. ఈసారి సీసీతో ఊరుకోకుండా 9 కిలోవాట్ల శక్తి దాటకూడదని కూడా కలిపారు. అంటే 12 హార్స్‌పవర్. ఇంకో ముఖ్యమైన మార్పు, తాత్కాలిక లైసెన్సు రెండేళ్ళకి మించి నడవదు. అంతకుముందు పరీక్ష జోలికే పోకుండా ఏళ్ళ తరబడి ఎల్ బోర్డుతోనే తిరిగేవాళ్ళు బోలెడుమంది ఉండేవారు. 250 మీద వంద మైళ్ళు పోతుంటే పరీక్ష ఎందుకు రాస్తాడు చెప్పండి?

12 హార్స్‌పవర్‌కి కూడా మందు కనిపెట్టారనుకోండి. అంతకంటే శక్తి ఇవ్వగల ఇంజనుకే సైలెన్సర్ గొట్టం దారి ఇరుకు చేసో, మరోటి అడ్డం పెట్టో 12కి దించి అమ్మేవారు. ఆ అడ్డం తీసేసే విద్య ప్రతి ఊళ్ళోనూ తెలిసినవాడు ఒకడుండేవాడు.

ఇంతకీ ఇన్నేళ్ళూ పరీక్ష ఎలా జరిగేదో తెలుసా? పరీక్షాధికారి పేవ్‌మెంటు మీద నిలబడి, ఫలానా వీధుల చుట్టూ తిరిగి రా అని పంపేవాడు. వీధి మలుపు తిరిగాక ఆ కుర్రాడు ఏం చేశాడో ఆయనకి తెలిసే దారే లేదు. సడన్ బ్రేక్ పరీక్ష కోసం ఆయనే చేతిలో కాగితాల అట్ట పట్టుకుని రోడ్డు మీదకి అడుగేసేవాడు. 1989లోగానీ పరీక్షాధికారి ఇంకో బండి మీద వెనకాలే వెళ్ళి, రేడియోలో చెప్తూ పరీక్షించే పద్ధతి రాలేదు.

చరిత్ర అంతటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది 1990 డిసెంబరు 1. ఆ రోజు నుంచి ఎల్ బోర్డు పెట్టుకుని రోడ్డెక్కాలంటే ముందు తప్పనిసరి ప్రాథమిక శిక్షణ పూర్తి చెయ్యాలి. సీబీటీ అంటారు. ఇది పరీక్ష కాదు, ఇందులో ఫెయిలవడం ఉండదు. చాలామందికి ఒక రోజులో అయిపోతుంది. పొద్దున్నే కళ్ళు, హెల్మెట్టు, చేతి తొడుగులు చూస్తారు. తర్వాత ట్రాఫిక్ లేని ఖాళీ స్థలంలో బండి నిలబెట్టడం, బ్రేకు, మలుపు, వెనక్కి చూడటం. చివర్న కనీసం రెండు గంటలు నిజమైన రోడ్డు మీద, శిక్షకుడు వెనకాలే వస్తూ చెవిలో రేడియోతో చెప్తుంటాడు. ఆయనకి నమ్మకం కుదిరితేనే సర్టిఫికెట్టు మీద సంతకం. కుదరకపోతే ఇంకో రోజు రమ్మంటాడు. ఎల్ బోర్డుతో వెనక మనిషిని ఎక్కించుకోవడం కూడా ఆ ఏడాదే నిషేధించారు. పక్కన సీటు లేదని 1935లో వదిలేసిన గురువు, యాభై అయిదేళ్ళ తర్వాత ఇంకో బండెక్కి వెనకాల వచ్చాడన్నమాట.

ఫలితం ఏమిటని అడుగుతారు. బ్రిటన్‌లో 1980లో మోటార్ సైకిళ్ళ మీద వెళ్తూ చనిపోయినవాళ్ళు వెయ్యికి పైన. 1990ల మధ్యకి ఆ సంఖ్య ఐదు వందల లోపుకి వచ్చింది. ఇదంతా రూల్సు గొప్పే అంటే అబద్ధమవుతుంది. ఆ కాలంలో అక్కడ బైకుల వాడకమే బాగా తగ్గింది, జనం కార్లకి మారారు. పెంచిన హద్దు వల్ల కొంత, నేర్పడం వల్ల కొంత, బైకులు తగ్గడం వల్ల కొంత. విడగొట్టి చెప్పడం కష్టం.

తర్వాతి కథ యూరోపంతటిదీ. 2013 జనవరి 19 నుంచి ఇప్పుడున్న మెట్ల పద్ధతి వచ్చింది. మొదటి మెట్టు 50 సీసీ, గంటకి 45 కిలోమీటర్లు. తర్వాత 125 సీసీ, 11 కిలోవాట్లు. ఆ పైన ఏ2 అని, 35 కిలోవాట్ల దాకా. ఆ తర్వాత ఏ బండైనా. ఏ2 నిర్వచనంలో మన ఇంజనీర్లు చూసి ముచ్చటపడాల్సిన వాక్యం ఒకటుంది. 35 కిలోవాట్లకి దించి అమ్మే బండి, అసలు రూపంలో అంతకి రెట్టింపు శక్తికి మించినది కాకూడదట. అంటే భయంకరమైన రేసు బండికి గొట్టంలో అడ్డం పెట్టి, ఇదిగో ఏ2 అంటే కుదరదు. కిలో బరువుకి 0.2 కిలోవాట్లు దాటకూడదని కూడా ఉంది. యాభై ఏళ్ళ మోసాలన్నిటికీ టెస్ట్ కేసులు రాసి పెట్టినట్టుంటుంది ఆ పేరా. సిడ్నీ వైపున్న మనవాళ్ళకి ఇలాంటిదే తెలిసి ఉంటుంది. న్యూ సౌత్ వేల్స్‌లోనూ వట్టి సీసీ లెక్క వదిలేసి, 660 సీసీ లోపు, టన్నుకి 150 కిలోవాట్ల లోపు అని, ఆమోదించిన బళ్ళ జాబితా పెట్టారు.

ఇప్పుడు మన సంగతికొద్దాం. మన 1988 మోటారు వాహనాల చట్టంలో మొదట పదహారేళ్ళవాళ్ళు గేర్లు లేని మోటార్ సైకిల్ నడపొచ్చని రాశారు. గేర్లు లేవంటే చిన్న బండే అని అప్పటి లెక్క. గేర్లు లేకుండానే వంద సీసీ స్కూటర్లు వచ్చేశాక ఆ లెక్క తప్పింది. 1994 సవరణలో దాన్ని 50 సీసీ దాటని మోటార్ సైకిల్ అని మార్చారు. మంచిదే. అప్పట్లో టీవీఎస్ 50, సన్నీ లాంటివి ఉండేవి కాబట్టి ఆ వాక్యానికి అర్థం ఉండేది. ఆ తర్వాత ఏమైంది? బళ్ళు 60 అయ్యాయి, 70 అయ్యాయి, ఇప్పుడు ఊళ్ళో పాలక్యాన్లూ గడ్డిమోపులూ మోసే ఎక్స్ఎల్ కూడా వంద సీసీయే. షోరూముకెళ్ళి 50 సీసీ పెట్రోలు బండి కావాలంటే విచిత్రంగా చూస్తారు. చట్టంలో మెట్టు ఉంది, దాని మీద కాలు పెట్టడానికి బండి లేదు. దాంతో ఇంటర్ పిల్లలు ట్యూషన్‌కి అమ్మ స్కూటరు మీద పోతున్నారు, అదీ 110, 125 సీసీ.

2019 సవరణ ఈ పిల్లల తల్లిదండ్రుల్ని పట్టుకుంది. మైనర్ బండితో నేరం చేస్తే తల్లికో తండ్రికో మూడేళ్ళ దాకా జైలు, పాతికవేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. కఠినంగా ఉండటం తప్పని నేననను. కానీ శిక్ష పెంచారుగానీ నేర్పే దారి చూపించలేదు.

పద్దెనిమిది దాటినవాడి సంగతి ఇంకా విచిత్రం. గేర్లున్న మోటార్ సైకిల్ అన్నది మన దగ్గర ఒకటే తరగతి. వంద సీసీ అయినా ఆరువందల యాభై అయినా ఒకటే ఎల్లెల్లార్. పాత కాంటినెంటల్ జీటీ పేరుని చెన్నైలోని రాయల్ ఎన్‌ఫీల్డ్ మళ్ళీ తెచ్చింది కదా. 2018లో వచ్చిన దాని 650 సీసీ రూపం శక్తి 47 హార్స్‌పవర్. కిలోవాట్లలోకి మార్చి చూడండి, సరిగ్గా 35 హద్దు దగ్గర ఆగుతుంది. యూరోపులో పద్దెనిమిదేళ్ళవాడు దాన్ని నడపాలంటే శిక్షణ, థియరీ, రోడ్డు పరీక్ష దాటి ఏ2 తెచ్చుకోవాలి. అది తయారయ్యే చెన్నైలో అయితే ఎల్లెల్లార్ వచ్చిన సాయంత్రమే దాని మీద ఎక్కి బండి నేర్చుకోవచ్చు. లైసెన్సున్న శిక్షకుడు తోడుండాలని మన రూల్సులోనూ ఉంది. అది ఎంతమంది పాటించగా చూశారో మీకే తెలియాలి.

కొత్త ఫిజ్జీ కూడా వచ్చేసింది. 250 వాట్ల లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న ఎలక్ట్రిక్ బండి మన రూల్సు ప్రకారం మోటారు వాహనమే కాదు. లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేదు. అదే పాత కథ, ఈసారి పెడళ్ళ బదులు వాట్లు. ఆ వేగాన్ని 25 దగ్గర ఆపేది కంట్రోలర్‌లో రాసిన ఒక విలువ. సైలెన్సర్ గొట్టంలో అడ్డం తీయడానికి కనీసం స్పానర్ కావాలి, దీనికి అదీ అక్కర్లేదు. ఆ కోడు రాస్తున్నది మనలాంటి వాళ్ళే అని గుర్తుపెట్టుకుంటే మంచిది.

నా మటుకు నాకు ఈ చరిత్ర చెప్పేది ఒకటే. సీసీ, గేరు, పెడలు, వాటు, వీటిలో దేన్ని కొలిచినా ఆ అంకె కిందే కొత్త బండి పుడుతుంది. హద్దులు వద్దని కాదు, ఉండాలి, బ్రిటన్ కూడా తీసెయ్యలేదు. కానీ రోడ్డెక్కే ముందు ఒక మనిషి ఇంకో మనిషికి ఒక రోజు నేర్పి సంతకం పెట్టాలన్న షరతుకి మాత్రం ఏ కంపెనీ పెడళ్ళు బిగించి తప్పించుకోలేదు. అది మనకి చేతకానంత ఖరీదైన పనేమీ కాదు. ప్రతి మండలంలో ఒక ఖాళీ స్థలం, సంతకానికి జవాబుదారీగా ఉండే శిక్షకుడు, ఎల్లెల్లార్ చేతికిచ్చే ముందు ఒక పూట. ఆ సంతకం కూడా మన దగ్గర అమ్ముడుపోతుందంటారా? పోవచ్చు. కానీ ఇప్పుడు అమ్ముడుపోవడానికి కూడా అక్కడ ఏమీ లేదు, ఒక ఎనిమిది అంకె తప్ప.

మీ ఇంట్లో పదహారూ పద్దెనిమిదీ మధ్య పిల్లలుంటే, చట్టం వచ్చేదాకా ఆగకండి. ఆదివారం పొద్దున్న ఒక గ్రౌండు చూసుకుని, బ్రేకు ఎలా వెయ్యాలో, భుజం మీదుగా వెనక్కి ఎలా చూడాలో మీరే నేర్పండి. బండి తాళం ఆ తర్వాత, వయసొచ్చాక ఇవ్వొచ్చు. మీరేమంటారు?